నెత్తుటి ఆటలు - మన బిడ్డలు

బిడ్డకు అన్నమెట్టిదో ఆటయు నట్టిదే. అన్నము లేనిచో దేహ మెదుగదు. ఆట లేనిచో మనస్సు వికసింపదు. అన్నము విషయమున మన గృహిణులు చూపు జాగరూకత ఇంత యని చెప్పనలవి కాదు. బియ్యములో రాళ్లేరుదురు; పాలు విఱిగినవేమో చూతురు; సంతలో కొన్న పండును వాసన చూచి గాని బిడ్డ చేతి కీయరు. ఇంతటి జాగరూకత గల తల్లులే బిడ్డ యాడుకొను ఆటను మాత్రము ఒక్కసారియైనను దగ్గఱగా చూడకున్నారు. ఏలయన ఆ ఆట వీధిలో లేదు, పెరటిలో లేదు, ఫోనులో నున్నది. ఆ ఫోను బిడ్డ అఱచేతిలో, దుప్పటి ముసుగులో నున్నది.

మా వేముల పెద్ద పట్టణము కాదు. పులివెందుల సీమలోని యొక మండల కేంద్రము. ముగ్గురాతి గనులును, చీనీతోటలును, అరటితోటలును గల ప్రాంతము. తుమ్మలపల్లె యురేనియము గని యీ మండలములోనిదే. ఇట్టి ఊళ్లకు గూడ, 2016 సెప్టెంబరులో జియో సంస్థ వచ్చినది మొదలు డేటా చౌకయై, స్మార్టుఫోనులు విరివిగా వచ్చినవి. 2020 మార్చిలో కరోనా వ్యాధి వలన బడులు మూతపడగా, అంతవఱకు పెద్దల జేబులలో నున్న ఫోను పాఠముల పేరిట పిల్లల చేతికి చిక్కినది. కొంతకాలమునకు బడులు తెఱచిరి. ఫోను మాత్రము అనేక గృహములలో మరల పెద్దల జేబునకు చేరలేదు. పాఠము పోయినది, ఆట మిగిలినది.

ఫోనులోని ఆటలన్నియు చెడ్డవని మేమనుట లేదు. చదరంగము కలదు, క్రికెట్టు కలదు, రంగురంగుల మిఠాయిలను వరుసగా పేర్చు ఆట కలదు, మన పచ్చీసునకు తమ్ముని వంటి లూడో కలదు. వీనివలన కాలము వ్యర్థమైన కావచ్చును గాని కన్ను బెదరదు. మేము విచారింపబూనినవి తుపాకియు, కత్తియు, నెత్తురును ప్రధానముగా గల ఆటలు. వానిని స్వయముగా చూడని సోదరీమణుల కొఱకు ముందుగా వాని తీరు చెప్పెదము.

మన పిల్లలు "పబ్జీ" యని పిలుచు ఆటలో నూఱుగురు విమానమునుండి పారాచూట్లతో ఒక ద్వీపముమీదికి దిగుదురు. దిగునపుడు అందఱివియు వట్టి చేతులే. పాడుపడిన ఇండ్లలో దూఱి తుపాకులును తూటాలును వెదకికొని యొకరినొకరు కాల్చుకొందురు. నిలువదగిన చోటు అంతకంతకు కుంచించుకొనిపోవుచుండును గాన చాల సేపు దాగియుండుటకు వీలు లేదు. తుదకు మిగిలినవాడో, మిగిలిన జట్టో విజేత. "ఫ్రీ ఫైర్" అను ఆటలో ఏబదిమంది దిగుదురు. సుమారు పది నిమిషములలో ఆట ముగియును. ఈ ఆటగాండ్రలో పెక్కురు ఎక్కడెక్కడనో కూర్చున్న నిజమైన మనుష్యులు. చెవికి ఇయర్‌ఫోను తగిలించుకొని ఒకరితో నొకరు మాటలాడుకొందురు. మన పిల్లవాడు ఎవరితో మాటలాడుచున్నాడో మనకు తెలియదు; తఱచుగా వానికిని తెలియదు.

ఇవి హింస విషయమున నడితరగతివి. అంతకు మించినవి కలవు. "మోర్టల్ కోంబాట్" అను ఆటలో ఓడినవాడు తూలుచు నిలిచియుండగా, గెలిచినవాడు వాని తలను వెన్నెముకతో సహా పెఱికి చేత పట్టుకొని నిలుచును. 2003లో వచ్చిన "మ్యాన్‌హంట్" అను ఆటలో మనుష్యుని వెనుకనుండి పట్టి చంపవలెను. ఎంత క్రూరముగా చంపిన అంత మంచి గణన. ఆ సంవత్సరమే న్యూజీలాండు దేశమువారు దానిని నిషేధించిరి. చంపుట యొక యెత్తు, చంపిన తీరునకు మార్కులు వేయుట మఱియొక యెత్తు.

ఇట్టివి ఏల పుట్టినవి? ఎవరి మనస్సులో ఇంత క్రౌర్యమున్నది? అని మన మాశ్చర్యపడుదుము. చరిత్ర చూచినచో అది క్రౌర్యము కన్న బేరమే యని తోచును. 1976లో అమెరికాలో ఎక్సిడీ అను సంస్థ "డెత్ రేస్" అను ఆటను చేసినది. అందు కారు నడుపుచు గీతలతో గీసిన చిన్న బొమ్మలను తొక్కవలెను. బొమ్మ కీచుమని అఱచును. అచ్చట నొక సమాధి వెలయును. నేటి కన్నులకు అది పిల్లవాడు పలకమీద గీసిన గీత వంటిది. అయినను నాడు పత్రికలలో గొప్ప కలకలము పుట్టినది. ఆ కలకలము వలన ఆట ఆగిపోలేదు, గిరాకి పెరిగినది.

1992లో మోర్టల్ కోంబాట్ వెలువడినది. మఱుసటి యేడు దానిని ఇండ్లలో ఆడు యంత్రములకు మార్చునపుడు రెండు సంస్థలు రెండు దారులు పట్టినవి. నింటెండో సంస్థ నెత్తురు తీసివేసి దాని స్థానమున బూడిద రంగు చెమట చూపినది. సేగా సంస్థ ఒక రహస్యపు మీటల వరుస నొక్కినచో నెత్తురు కనబడునట్లు చేసినది. ఆ రహస్యము పిల్లలలో దాగునా? నెత్తురు గల ఆటయే మిక్కిలిగా అమ్ముడుపోయినది. 1994లో రెండవ భాగము వచ్చినపుడు నింటెండోవారును నెత్తురును ఉంచివేసిరి. సంతలో ఏ కూర ముందుగా చెల్లిపోవునో చూచి మఱునాడు ఆ కూరనే తెచ్చు అంగడివాని వలె, ఆటల వర్తకులును ఏది చూచి బిడ్డ ఉలికిపడునో దానినే తెచ్చిరి. ఉలికిపాటు అలవాటైన కొలది సరకు మఱింత ఘాటుగా నుండవలెను. ఇదియే దీని రహస్యము.

ఆ దేశమునందలి తల్లిదండ్రులు మిన్నకుండలేదు. 1993 డిసెంబరులో అమెరికా సెనేటులో విచారణ జరిగినది. ప్రభుత్వము తామై చట్టము చేయునను భయముతో వర్తకులే 1994లో వయఃపరిమితి తెలుపు మండలి నొకదాని నేర్పఱచుకొనిరి. ఐరోపావారికి 2003లో అట్టి యేర్పాటు కలిగినది. కాలిఫోర్నియా రాష్ట్రమువారు పిల్లలకు హింసాత్మకములైన ఆటలు అమ్మరాదని 2005లో చట్టము చేయగా, 2011లో అమెరికా సుప్రీముకోర్టు ఆ చట్టమును కొట్టివేసినది. తీర్పు వ్రాసిన న్యాయమూర్తి ఆంటొనిన్ స్కేలియా, పిల్లలకు చెప్పు గ్రిమ్ సోదరుల కథలలో మాత్రము నెత్తురు తక్కువయా యని చూపెను. ఆ మాటకు సమాధానము మనమును చెప్పుకొనవలసి యున్నది. కొంచెము ముందునకు పోయి చెప్పెదము.

మన దేశమున సినిమాకు సెన్సారు కలదు గాని, ఆటను ముందుగా చూచి యోగ్యతాపత్ర మిచ్చు అట్టి బోర్డు లేదు. ఫోనులోని ప్లే స్టోరులో ఆట పేరు క్రింద 3, 7, 12, 16, 18 అను అంకెలలో నొకటి కనబడును. ఇన్నేండ్లు నిండినవారికే తగునని దాని యర్థము. కాని యా యంకె బిడ్డ చేయి పట్టుకొని ఆపదు. 2020 సెప్టెంబరు 2వ తేదీన భారతప్రభుత్వము పబ్జీతో సహా 118 యాపులను నిషేధించినపుడు, ప్రభుత్వము మన మొఱ వినినదని పలువురు తల్లులు సంతసించిరి. ఆ నిషేధమునకు కారణము నెత్తురు కాదు, దేశభద్రతయు సమాచార రక్షణయు. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను ఆపినపుడును కారణమదియే. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము డబ్బొడ్డి యాడు ఆటలను నిషేధించినది. అది మెచ్చదగినదే గాని, నెత్తుటి మాట అందును లేదు.

పబ్జీ యాట 2021 జులైలో "బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా" యను క్రొత్త పేరుతో తిరిగి వచ్చినది. 2022 జులైలో మరల మాయమై, 2023 మేలో మరల వచ్చినది. తిరిగి వచ్చునపుడు కొన్ని నియమములను వెంట తెచ్చినది. పదునెనిమిదేండ్లు నిండనివారు దినమునకు మూడు గంటలే యాడవలెను. పెద్దల ఫోనునకు వచ్చు ఓటీపీ తెలుపవలెను. నెత్తురు ఎఱ్ఱగా గాక ఆకుపచ్చగా చిమ్మును. మేమీ సంగతి విని నవ్వుకొంటిమి. మూడు గంటలు తక్కువ కాలమా? ఓటీపీ వచ్చు తల్లి ఫోను బిడ్డ చేతిలోనే లేదా? పడినవాని యొడలినుండి చిమ్మునది పచ్చనిదైనంత మాత్రమున వాడు పడలేదగునా? రంగు మాఱినది గాని పని మాఱలేదు.

ఇక ముఖ్యమైన ప్రశ్న. ఇట్టి ఆటలాడిన బిడ్డ పెద్దవాడై హంతకుడగునా? మేము భయపెట్టుటకై అసత్యము చెప్పము. అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుల సంఘము 2015లోను, మరల 2020లోను తన అభిప్రాయమును ప్రకటించినది. హింసాత్మకములైన ఆటలకును, కేకలు వేయుట, నెట్టుట వంటి దుడుకుతనమునకును కొంచెపాటి సంబంధము కలదనియు, హత్యల వంటి నేరములకు ఈ ఆటలే కారణమనుటకు తగిన సాక్ష్యము లేదనియు దాని సారాంశము. 2019లో ఆక్స్‌ఫర్డు పండితులు బ్రిటనులో పదునాలుగు పదునైదేండ్ల వయస్సు గల సుమారు వేయిమందిని పరిశీలించి, ఆ కొంచెపాటి సంబంధమును గూడ కానలేదని వ్రాసిరి. జపాను దేశమున ఈ ఆటలు విస్తారముగా ఆడుదురు. హత్యలు లోకమున మిక్కిలి తక్కువగా జరుగు దేశములలో అది యొకటి.

అంత దూరము పోనేల? మన కడపసీమనే చూడుడు. ఊరూరను ముఠాకక్షలు చెలరేగి, వేటకొడవండ్లును నాటుబాంబులును స్వైరవిహారము చేసిన దినములలో మన యిండ్లలో ఫోను లేదు, ఆట లేదు. ఆ బాంబులు చుట్టినవారు ఏ తెఱను చూచి నేర్చుకొనలేదు. పంతములును, భూమి తగవులును, కాంట్రాక్టులును, ఊరి పెత్తనమును వారికి నేర్పినవి. కావున ఆటయే హింసకు తల్లి యనుట మన నోట రాదగినది కాదు.

అట్లయిన మనకు విచార మెందులకు? అని సోదరీమణు లడుగవచ్చును. విచారింపవలసినది వేఱొకటి కలదు. చంపుట యనగా నేమో మన సీమ స్త్రీలకు తెలిసినంత బాగుగా ఎవరికిని తెలియదు. పురుషుడు పడిన క్షణముతో పురుషుల కథ ముగియును; స్త్రీ కథ అచ్చట మొదలగును. శవము నింటికి తెచ్చుట, పోలీసు విచారణ, ఏండ్ల తరబడి కోర్టు వాయిదాలు, బీడువడిన పొలము, పసివానిని మేనమామ యింటికి పంపి దాచుట, వాడు పెద్దవాడగుచుండగా ఎవడైన తండ్రి పగను గుర్తుచేయునేమో యని దినదినగండముగా బ్రదుకుట. ఒక్క వేటునకు ఒక్క జీవితకాలపు వెట్టి. ఆటలో ఇదియంతయు లేదు. పడినవాడు నిమిషములో మరల లేచును. పడినవానికి తల్లి లేదు, భార్య లేదు, పేరు గూడ లేదు. నెత్తురు చూపినందుకు గాదు, నెత్తురు తరువాతి దానిని దాచినందుకు మేమీ యాటలను తప్పుపట్టుచున్నాము.

ఈ యన్యాయము మన సీమకు క్రొత్త గాదు. 1999లో వచ్చిన "సమరసింహారెడ్డి" మొదలుకొని "నరసింహనాయుడు", "ఆది", "ఇంద్ర" వంటి చిత్రములు వరుసగా వచ్చి జయభేరి మ్రోగించినవి. గాలిలోనికి లేచు సుమోలును, తెగిపడు చేతులును చూచి కోస్తా, తెలంగాణములందలి జనులు ఈలలు వేసిరి. మన దుఃఖము వారికి వినోదమైనది. ముఠాకక్షల మునుపటి తీవ్రత తగ్గిన తరువాత గూడ, మన పిల్లలు చదువుల కొఱకు హైదరాబాదునకో విజయవాడకో పోయినపుడు, "మీ యింట బాంబులున్నవా?" యని తోడివారు పరిహాసమాడుట మాన్పరానిదైనది. ఉలికిపాటు నమ్ముకొను వ్యాపారమునకు ఎవరో యొకరు మూల్యము చెల్లింతురు. మనము చెల్లించితిమి గనుక మనకు తెలియును. అట్టి మన బిడ్డలే ఇతరుల చావును చూచి ఈలవేయుటకు అలవాటు పడుచుండగా మనము చూచుచు ఊరకుండవచ్చునా?

ఇప్పుడు గ్రిమ్ కథల మాటకు వత్తము. మన పూర్వులును నెత్తురు దాచినవారు కారు. తోలుబొమ్మలాటలో కీచకవధ యాడిరి. చిత్తూరు సీమలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల యెదుట భారత ముత్సవము జరిగి, తుదిదినమున మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుని బొమ్మ తొడను భీమవేషధారి పగులగొట్టును. ఎఱ్ఱని నీరు చిమ్మును. కొన్ని చోట్ల స్త్రీలు చీపుళ్లతో ఆ బొమ్మను మోదుదురు. చూచువారిలో పసిపిల్లలును ఉందురు. అది హింస కాదా? హింసయే. కాని ఆ తొడ పగులుటకు ముందు అనేక దినములు కథ విందురు. సభలో ద్రౌపదికి జరిగిన పరాభవ మెఱుగుదురు. బిడ్డ ప్రక్కన అవ్వ యుండును, "ఏల కొట్టుచున్నాడు?" అని యడిగిన చెప్పును. అన్నింటికంటె ముఖ్యముగా, భారతము యుద్ధముతో ముగియదు. యుద్ధము ముగిసిన పిమ్మట వ్యాసుడు స్త్రీపర్వమని యొక పర్వమే వ్రాసెను. గాంధారియు, కోడండ్రును రణభూమికి వచ్చి తమ తమ వారిని వెదకుకొనుచు ఏడ్చిన యేడ్పు అందున్నది. గెలిచిన ధర్మరాజునకును సంతోషము లేకపోయెను. పదునెనిమిది దినముల పోరునకు అది అర్థము చెప్పినది.

నేటి నెత్తుటి యాటలలో పెక్కింటికి స్త్రీపర్వము లేదు. లోప మదియే. ఉండగూడదని నియమము మాత్రము లేదు. పోలండు దేశమువారు 2014లో "దిస్ వార్ ఆఫ్ మైన్" అను ఆటను చేసిరి. ముట్టడిలో చిక్కిన పట్టణమున సామాన్య జనులు తిండికిని, మందునకును, వెచ్చదనమునకును పడు పాట్లు అందలి కథ. సారాయెవో ముట్టడి దానికి ఆధారము. ఒకని తిండి దొంగిలించినచో దొంగిలించినవాడే దుఃఖమున క్రుంగిపోవును. 2020లో పోలండు ప్రభుత్వము దానిని పాఠశాలల పఠనీయ పట్టికలో చేర్చుదుమని ప్రకటించినది. పనిముట్టు చెడ్డది కాదు. చేయువాని బుద్ధిని బట్టి యుండును.

ఇక గృహమున మనము చేయదగిన పనులు. మొదటిది, ఫోనును లాగుకొనుటకు ముందు బిడ్డ ప్రక్కన కూర్చుండి, "నాయనా, నాకును చూపుము, వీడెవడు? వాని నేల కాల్చితివి? ఇప్పుడు వాని యింట నేమగును?" అని యడుగుట. గద్దించు తల్లికి బిడ్డ దాచును. అడుగు తల్లికి చెప్పును. అవ్వకు చీపురు పట్టిననాటి పని యదియే. రెండవది, ఆట పేరు క్రింద నున్న వయస్సు అంకె చూచుట. ప్లే స్టోరులోని సెట్టింగులలో ఆ వయస్సు మించిన ఆటలు దిగకుండ తాళము వేయవచ్చును. తాళపు సంఖ్య మాత్రము బిడ్డ పుట్టిన తేదీ కాకుండ చూచుకొనుడు.

మూడవది నిద్ర. రాత్రి ఫోను పడకటింటిలో గాక వంటయింటిలో ఛార్జింగునకు పెట్టవలెను. పెద్దల ఫోనులును అచ్చటనే. తండ్రి పడుకొని రాత్రి రెండు గంటల వఱకు ఆడుచుండగా కొడుకునకు నీతి చెప్పుట వృథా. నాలుగవది ధనము. ఆటలో తుపాకికి రంగు వేయించుటకును, బొమ్మకు చొక్కా తొడుగుటకును "డైమండ్లు", "యూసీ" యని కొనవలెను. బ్యాంకు ఖాతాతో కూడిన ఫోనును, దాని రహస్యసంఖ్యను బిడ్డ కీయకుడు. అయిదవది స్థలము. ఆడుకొనుటకు చోటును, తోడును, కొంత తీరికను ఇచ్చినచో బిడ్డ కబడ్డీకిని కోకోకును తనంతట పోవును. ఇంట బంధించి, ఫోనును నిందించుట న్యాయము కాదు. ఆడపిల్లలకు ఈ మాట మఱింత వర్తించును.

కొందఱు బిడ్డలకు ఆట వ్యసనమగును. ఆపదలచినను ఆపలేకపోవుట, చదువును తిండిని స్నేహమును విడుచుట, నష్టము కనబడుచున్నను కొనసాగించుట - ఇవి దీర్ఘకాల మున్నచో రోగమని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో అంగీకరించినది. 2022 జనవరి 1 నుండి రోగముల పట్టికలో నున్నది. అట్టిచోట తిట్టును దెబ్బయు మందు కావు. ఫోనును హఠాత్తుగా పగులగొట్టుటయు ప్రమాదమే. 14416 సంఖ్యకు ఫోను చేసినచో ప్రభుత్వమువారి టెలి మానస్ సేవలో మన భాషలోనే సలహా దొరకును. పిల్లల ఆపదకు 1098 కలదు. జ్వరమునకు వైద్యుని చూపుటలో సిగ్గు లేనట్లే దీనికిని సిగ్గుపడనేల?

బిడ్డకు కథ చెప్పు పని అనాదిగా తల్లులది, అవ్వలది. ఆ పనిని మనము తీరిక లేక వదలుకొన్నచోట ఆటల వర్తకుడు వచ్చి కూర్చుండినాడు. వాడు కథలో సగమే చెప్పును. కొట్టుట వఱకు చెప్పి లేచిపోవును. ఆ మిగిలిన సగము, ఎవరు ఏడ్చిరో, ఎవరు పొలము దున్నిరో, ఎవరు పసివానిని పెంచిరో, మన సీమ స్త్రీలు పుస్తకము చూడకుండ చెప్పగలరు. నేటి రాత్రి మన బిడ్డలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ సగమును చెప్పుదము.